రోటి మీద నాపరాయి

ఆత్మకూరుకు ఇంకా మిల్లు రాని రోజుల్లో నేనక్కడ బడిపంతులుగా ఉండేవాణ్ణి. మా మూడిళ్లకూ కలిపి ఒకటే వాకిలి, ఆ వాకిట్లో పాతిన ఒకటే రోలు. ఒక ఇల్లు నాది, ఒకటి షావుకారుది, మూడోది మొగుడు పోయిన ఒక ఆడమనిషి కొట్టం. కోడి కూసే వేళకే ఆమె రోకలి పట్టేది, పొద్దెక్కితే చేను పనికి పోవాలి కాబట్టి. ఎవరి కొర్రలు దంచితే వాళ్లిచ్చే నూకలూ తవుడూ ఆమెకు కూడు.

ఆ చప్పుడుకు షావుకారుకు నిద్ర పట్టడం లేదట. పొద్దస్తమానం అంగట్లో కునికే మనిషికి నిద్ర కరువైంది. వాకిట్లో రోలుందని చూసి మరీ తన ఇల్లు కొన్నాడు. రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరవడమంటే అదే. పైగా ఆమె దంచేవి చాలావరకు ఆయన ఇంటి కొర్రలే.

పంచాయితీకి ముగ్గురు పెద్దమనుషులు దిగారు. చప్పుడెంతో స్వయంగా విని తేలుస్తామన్నారు. కోడికూతకు లేవడం వాళ్ల పెద్దరికానికి తక్కువ కనుక మిట్టమధ్యాహ్నం వచ్చారు. షావుకారు ఓళిగలూ నెయ్యీ పెట్టాడు. "నువ్వు దంచుతా ఉండు, మేము ఈడనుంచి వింటాం" అని ఆమెకు చెప్పి, ముగ్గురూ నడవలో చాపల మీద ఒరిగారు. ఆమె ఆ పూట కూలి మానుకుని దంచింది. వాళ్లు గుర్రుపెట్టి నిద్రపోయారు. పొద్దు వాలాక లేచి, తాంబూలం బిగించి, "శానా చప్పుడప్పా, మనిషన్నోడు తట్టుకోల్యాడు" అని తీర్పు చెప్పారు.

రోలు పెరికేయమన్నారు. పాతిన రోలు పెరికితే ఇంటికి కీడని షావుకారు భార్య అడ్డుపడింది. సరే, రోలును అలాగే ఉంచి, మీద నాపరాయి కప్పి చుట్టూ సున్నం పూయమన్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మూడిళ్ల రోలును ఒకడి నిద్రకు ధారపోశారు. ఇలాంటి తెలివికి ఊరంతా దండాలు పెట్టేది.

కాగితం రాయడానికి నన్ను పిలిచారు. వాళ్లను చూస్తే నాకు రోత పుట్టింది. అయినా రాశాను, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. ఆ ముగ్గురిలో ఒకాయన ఇంటి అరుగు మీదే నా బడి నడిచేది.

బండ పరిచిన నాడు ఆమె నా దగ్గరికి వచ్చింది.

"అయ్యా, ఆ కాగితంలో ఏముండాదో సదివి చెప్పు."

చదివాను. వాకిలి కొలతలున్నాయి, బండ మందం ఉంది, సున్నం ఎవరు తేవాలో ఉంది, షావుకారు నిద్ర గురించి నాలుగు వరుసలున్నాయి.

"నా కూటి మాట యాడుండాది?"

నేను రాసిన కాగితాన్నే తెలియనట్టు మళ్లీ పైనుంచి కిందికి చూశాను.

"లేదమ్మా," అన్నాను.

"రాసింది నువ్వే కదయ్యా," అంది. కోపంగా కాదు, ఊరికే అడిగినట్టు.

సాయంత్రానికి కొట్టం తలుపు దగ్గరగా వేసి, రోకలి భుజాన పెట్టుకుని నంద్యాల దారి పట్టింది. ఆ ముగ్గురినీ నేను ఇప్పటికీ తిడుతూనే ఉంటాను. కానీ ఆమె వాకిలి దాటుతుంటే ముఖం చూపలేక ఇంట్లోకి పోయి గడియ పెట్టుకున్నది నేనే.