తలుపు తీసి చెప్పే మాట

లవంగ నూనె వాసన. అనంతపురంలోని ఈ ప్రైవేటు పళ్ళ ఆసుపత్రి అద్దాల తలుపు తోసుకుని లోపలికి రాగానే ముందుగా తగిలింది అదే. చల్లటి గది, మెత్తటి సోఫాలు, గోడ మీద నవ్వుతున్న తెల్లని పళ్ళ బొమ్మ, ఇవన్నీ ఈ కాలానివి. వాసన మాత్రం పాతది. ధర్మవరం ప్రభుత్వాసుపత్రిలో రేకుల వసారా చివరనున్న గదిది. దవడ నొప్పితో వచ్చినదాన్ని, నొప్పి సంగతి పక్కనపెట్టి రంగనాథం డాక్టరు గారిని తలుచుకుంటూ కూర్చున్నాను.

డెబ్బైల చివరలో నర్సుగా నా మొదటి ఉద్యోగం ఆయన గదిలోనే. మాది చిలమత్తూరు, ఆయనది గోరంట్ల పక్క పల్లె. మనిషి సన్నగా, ముక్తసరిగా ఉండేవారు. పళ్ళ డాక్టరై ఉండి వక్కాకు నమిలేవారు. ఆ ఎర్రటి పళ్ళతో రోగులకు పళ్ళు తోముకోమని చెబుతుంటే నేను ముఖం తిప్పుకుని నవ్వుకునేదాన్ని. గదిలో ఉన్నదల్లా ఒక ఇనుప కుర్చీ, పరికరాలు మరిగించే కిరోసిన్ స్టవ్వు, పట్కార్లు, లవంగ నూనె సీసా. పన్ను పీకడం ఉచితం. పుచ్చును శుభ్రం చేసి నింపి పన్ను నిలబెట్టే సామాను మాత్రం మాకు ఎన్నడూ రాలేదు. పిండి కొద్దీ రొట్టె. నొప్పితో వచ్చినవాళ్ళు నొప్పినీ పన్నునూ కలిపి మా దగ్గరే వదిలిపోయేవారు. కరువు పనులు పెట్టిన నెలల్లో ఆ వచ్చేవాళ్ళు కూడా తగ్గేవారు. రోజు కూలి పోతుందని దవడకు గుడ్డ కట్టుకుని మట్టి మోసేవారు.

డాక్టరు గారు సాయంత్రాలు తన ఇంటి ముందుగదిలో ప్రైవేటుగా చూసేవారు. ఆసుపత్రిలో లేని సామానంతా అక్కడ ఉండేది. కానీ ఆ సంగతి ఆసుపత్రిలో ఎవరూ ఎత్తకూడదని ఆయన నియమం. అంతకు ముందున్న డాక్టరు వచ్చినవాళ్ళందరినీ ఇంటికి పిలిపించుకుని డబ్బు గుంజేవాడట. చేరిన కొత్తలో నేను అడిగాను, ఇంటికి రమ్మని చెబితే తప్పేమిటని.

"తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారమ్మా. ఈడ చూసేది, ఆడ గుంజేది అని ఆయప్పను అనిరి. నన్నూ అనాల్నా? ఆ ఊసే వద్దు," అన్నారు.

ఎంత నిఖార్సైన మనిషో అనుకున్నాను. ఆయన దగ్గర పని చేస్తున్నందుకు గర్వపడ్డాను కూడా.

అలాంటి రోజుల్లో లక్ష్మీదేవి వచ్చింది. మగ్గాల వీధిలో పడుగు అతికే మనిషి. మగ్గం మీది నిలువు పోగుల వరుస, అంటే ఒక పడుగు, అయిపోవచ్చినప్పుడు దాని చివరలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలపాలి. వేళ్ళకు బూడిద రాసుకుని పోగును పోగుతో మెలిపెట్టడమే ఆ పని. రెండు చేతులూ మెలిక దగ్గరే ఉంటాయి కాబట్టి తరువాతి పోగును ముందు పళ్ళతో పట్టుకుని ఉంచేది. ఆమెకు పుచ్చింది ఆ ముందు పన్నే. అది పోతే ఆ పనీ పోతుంది.

డాక్టరు గారు అద్దం పెట్టి చూసి, "ఈ పన్ను నిలబడుతుందమ్మా. ఈడ మాత్రం కాదు, సామాను లేదు. అనంతపురం పోవాల," అన్నారు.

"ఒకసారి పోతే సరిపోతాదా సామీ?"

"మూడు తూర్లన్నా పోవాల."

"పోయిన ప్రతిసారీ కూలి పాయె, బస్సు చార్జీ పాయె, ఆడ డాక్టరుకు వేరే. నాకు అయ్యేది కాదు. పీకేయండి."

"పీకితే పోగు దేంతో పట్టుకుంటావు? నూనె పెట్టి పంపిస్తా. ఆలోచన చేసుకొని శుక్రవారం రా."

ఆమె బయటికి నడిచింది. మా అటెండరు కుళ్ళాయప్పకు మనసాగలేదు. కొళాయి దగ్గర ఆమెను ఆపి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అక్కా, అనంతపురం ఎందుకు? సారు ఇంటికాడ సాయంత్రం ఇదే పని చేస్తాడు. సామాను దుడ్లు ఇస్తే చాలు. నేను చెప్పినానని మాత్రం అనొద్దు."

నేను కిటికీ దగ్గర పరికరాలు తుడుస్తూ విన్నాను. మంచిపని చేశాడనే అనుకున్నాను. ఆమె మాత్రం అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"నీకెంత ఇస్తాడప్పా?" అంది. కుళ్ళాయప్ప దేవుని మీద ఒట్టు పెట్టుకునేలోపే వెళ్ళిపోయింది.

శుక్రవారం ఆమె రాలేదు. తరువాత కొన్నాళ్ళకు దవడ వాచి వచ్చింది. సంతలో గోనెపట్టా పరిచి, పీకిన పళ్ళు కుప్పగా పోసుకుని కూర్చునేవాడొకడు ఉండేవాడు. వాడితో పీకించుకుంది. వేరు ముక్క లోపలే విరిగిపోయింది. డాక్టరు గారు దాన్ని తీసి, దూది పెట్టి, "ఎందుకమ్మా తొందరపడితివి?" అన్నారు.

ఆమె దూది ఉమ్మేసి మరీ జవాబు చెప్పింది. "ఈడ కాదు అంటిరి. బయట మీ మనిషి వచ్చి ఇంటికాడికి రమ్మనె. ఇట్లాంటి ఆటలు నాకు తెలీవా సామీ? ముందు డాక్టరు దగ్గర మా అక్క ఇట్లే మోసపోయె. ఆ సంతాయన నయం. పీకుతానన్యాడు, పీకినాడు."

గుమ్మం దగ్గరున్న కుళ్ళాయప్ప పక్కకు తప్పుకున్నాడు. డాక్టరు గారు చాలాసేపు చేతులు కడుక్కున్నారు.

"వాడు చెప్పింది అబద్ధం కాదమ్మా. ఆ పని నా ఇంట్లో చేస్తా. నీ పన్ను నిలబడేది," అన్నారు చివరికి.

ఆమె నాలుకతో ఆ సందును తడుముకుంది. "ఆ మాట మీరే, ఈడనే ఎందుకు చెప్పలేదు?" అంది.

ఆయన మంచిపేరు చెక్కుచెదరలేదు, ఆమె పన్ను పోయింది. ఆయన మీద నాకు కోపం వచ్చింది. అంత మంచి మనిషి మీద కోపం రావడం నాకు అదే మొదలు.

మర్నాడు ఆయన కుర్చీలో కూర్చోకముందే కుళ్ళాయప్పను పిలిచారు. "నువ్వు చెప్పింది నిజమే. గోడచాటున చెప్పేసరికి అబద్ధం మాదిరి అయిపాయె. తప్పు నాది. ఆ తలుపు తీసి రాయి అడ్డం పెట్టు," అన్నారు. తరువాత వసారా అంతా వినబడేలా గొంతెత్తారు.

"పీకేది ఈడ ఉచితం. నిలబెట్టేది ఈడ లేదు. అనంతపురంలో చేస్తారు, హిందూపురంలో చేస్తారు, నా ఇంట్లో నేనూ చేస్తా," అని, తాను తీసుకునేదెంతో చెప్పేశారు. "అన్నిచోట్లా అడగండి. మీకు యాడ కుదిరితే ఆడ చేయించుకోండి."

వరుసలో ఒక ముసలాయన అందుకున్నాడు. "ఏమప్పా, ఇద్దరం వస్తే తగ్గిస్తావా?"

"పట్టుచీరలా ఇవి, జత మీద తగ్గించనీకి?" అన్నారు డాక్టరు గారు. వసారా అంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఆ రోజునుంచి ప్రతి ఉదయం అదే పాఠం. గవర్నమెంటు గదిలో సొంత దుకాణానికి దండోరా వేసుకుంటున్నాడని అన్నవాళ్ళు అన్నారు. పైఅధికారి ఒకాయన వచ్చి నిలదీస్తే, ఆయనకూ తలుపు తీసిపెట్టే జవాబు చెప్పారు. కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు గానీ లోకుల మూతికి పెట్టలేం. ఆ మాటలకు ఆయన భయపడటం మాత్రం మానేశారు.

ఆ మాట విని మళ్ళీ వచ్చిన లక్ష్మీదేవికి ఆయన ఇంట్లోనే కట్టుడు పన్ను పెట్టారు. మా వైపు బోరు నీళ్ళకు అందరి పళ్ళకూ గోధుమరంగు చారలుంటాయి. మరీ తెల్లగా ఉంటే వీధంతా నవ్వుతుందని ఆమె అంటే, రంగు తగ్గించి పెట్టారు. అంత చేసినా దాంతో పోగు పట్టి లాగితే పన్నే ఊడివచ్చేది.

"నవ్వనీకి పనికొస్తాది సామీ. పోగు పట్టనీకి కాదు," అని చెప్పిపోయింది. తక్కువ కూలికి దారం కండెలు చుట్టే పనిలో కుదురుకుంది. ఆయన ఆ మాట విని, "నాకు తెలుసు," అని మాత్రం అన్నారు.

తరువాత నేను ఎన్నో ఆసుపత్రులు మారాను. ఎక్కడున్నా, ఇక్కడ ఏది దొరుకుతుంది, ఏది దొరకదు, బయట ఎంతవుతుంది అన్నది వరుస మొత్తానికీ వినబడేలా చెప్పాను. గయ్యాళి నర్సు అనిపించుకున్నాను. ఆ పేరు నాకేమీ బరువు కాలేదు.

నా పేరు పిలిస్తే సోఫాలోంచి లేచాను. చక్కగా తయారైన ఒక అమ్మాయి నన్ను చిన్న గదిలో కూర్చోబెట్టి, తలుపు మెత్తగా మూసి, రేటు రాసిన కాగితం నా ముందు పెట్టి గొంతు తగ్గించింది.

"ఆంటీ, ఈ రేటు మీకు మాత్రమే. బయట ఎవరికీ చెప్పకండి."

నేను లేచి తలుపు తీశాను. అడ్డం పెట్టడానికి రాయి కనబడలేదు. నా చేతిసంచీ పెట్టి వచ్చి కూర్చున్నాను.

"ఇప్పుడు చెప్పమ్మా, గట్టిగా," అన్నాను.

బయట సోఫాల్లో దవడలు పట్టుకుని కూర్చున్నవాళ్ళంతా తలలెత్తారు.