మా చేను రాయికి పరీక్ష

ఆ రోజుల్లో మా పల్నాట్లో రాయి అంటే నాగలికి అడ్డం, అంతే. చేలో రాయి ఎక్కువున్న మనిషిని పంచాయితీలో కూడా వెనక వరసలో కూర్చోబెట్టేవాళ్లు. ఇప్పుడు గౌరవం వచ్చింది, కాదనను; కానీ ఆ గౌరవం కూడా సగమే వచ్చిందని నా బాధ. మొన్న నరసరావుపేట బస్సులో పక్క సీటు కుర్రాడు "మీ వైపంతా సిమెంటు రాయే గదండీ" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. సిమెంటుకేముంది నాయనా, రాతిలో కాస్త మట్టి ఉన్నా, కాస్త ఇసుక కలిసినా అది సర్దుకుపోతుంది. పంచదార మిల్లు సర్దుకోదు. గాజు కొలిమి సర్దుకోదు. ఉక్కు కొలిమి అసలే సర్దుకోదు. వాటికి కావలసింది కల్తీ లేని సున్నపురాయి, అటువంటిది మా గురజాల చుట్టుపక్కల నేలలో పొరలు పొరలుగా ఉంది. పొద్దున్నే నువ్వు పళ్లు తోముకున్న పేస్టులో ఉండేది కూడా సున్నపురాయి పిండే అని చెప్పబోయాను. అతను అప్పటికే చెవుల్లో ఏవో పెట్టేసుకున్నాడు. సరే, వినే ఓపిక ఉన్నవాళ్లకే చెబుతాను.

నేను బళ్లో చదివింది ఐదో తరగతి. మిగతా చదువంతా మాచర్లలో పాత కాగితాల కొట్టువాడి దయ. అతని దగ్గర తూకానికి కొన్న ఒక రసాయన శాస్త్రం పుస్తకానికి మొదటి పేజీలూ లేవు, చివరి పేజీలూ లేవు. అందుకే ఆ శాస్త్రం ఎక్కడ మొదలవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. మధ్యలో మాత్రం నన్ను ఎవరూ పట్టుకోలేరు. సున్నపురాయి మీద పులుపు పడితే పొంగుతుందని ఆ పుస్తకంలోనే చదివి, అమ్మ ఊరగాయకు దాచిన నిమ్మకాయలన్నీ మా గట్టు చేలో రాళ్లను పొడిగొట్టి ఆ పొడి మీద పిండేశాను. సన్నగా బుసబుసమని పొంగింది. "ఏరా, రాళ్లకి దాహమేసిందా?" అంది అమ్మ. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఆ వయసులో ప్రపంచంలో నాకు తెలియనిది ఏదైనా ఉందంటే అది ఆ చిరిగిపోయిన పేజీల్లోనే ఉండాలని గట్టి నమ్మకం.

ఆ గట్టు చేను నాలుగెకరాలు. కందులు చల్లితే విత్తనాలు కూడా తిరిగి రాని చేను. దాని మీద ఒక పలకల కాంట్రాక్టరు కన్నేశాడు. ఇళ్లలో పరిచే నాపరాయి పలకలు తీయిస్తానని, వచ్చిన ధరకు అమ్మేయమని, తమలపాకులు పట్టుకుని మూడుసార్లు వచ్చాడు. నాన్న ఒప్పుకునేలాగే ఉన్నాడు. నేను అడ్డం పడ్డాను. "నాన్నా, అది పలకల రాయి కాదు. పంచదార మిల్లువాళ్లు వెతుక్కుంటా తిరిగే రాయి" అన్నాను.

"పంచదారలో రాయేందిరా?" అన్నాడు నాన్న.

చెరకు రసంలో మురికి విరగడానికి సున్నం వేస్తారని, ఆ సున్నం కోసం ఈ రాయి కాలుస్తారని, రాతిలో ఇసుక జాతి ఏదైనా కలిస్తే సున్నం చెడుతుందని చెప్పాను. నాన్న అంతా విని, తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. (ఆయన ఆలోచించడం అంటే అదే.) "నీ పరీక్షేందో తేలిందాకా ఆగుతా. రాయి మంచిదని తేలిందా, చేను నీది. తేలలేదా, కాంట్రాక్టరుకి కాయితం రాసిస్తా. మళ్లా నా ముందు రాయి మాట ఎత్తమాక" అన్నాడు. నా మాట మీద నాలుగెకరాలు నిలబడ్డాయి.

ఒక పంచదార మిల్లుకు ఉత్తరం రాశాను. ఎంత ధీమాగా రాశానంటే, వాళ్లు ఏకంగా ఒక కెమిస్టును పంపుతామని జవాబిచ్చారు. వచ్చే ముందు రోజు ఏం చేయాలో కూడా రాశారు: చేనంతా అడ్డంగా నిలువుగా నడిచి, పది అడుగులకొకసారి ఆగి, కాలి దగ్గర ఏ రాయి ఉంటే ఆ రాయి గుప్పెడంత తీసి, అన్నీ ఒకచోట కుప్ప పోయాలి, ఏరకూడదు. నేను నడిచాను. ఆగాను. తీశాను. కానీ పడమటి మూల రాతి పొరల మధ్య చెకుముకి రాయి నల్లటి చారలుగా ఉంది. చెకుముకి అంటే ఇసుకకు స్వయానా అన్నగారు. అది కాలి దగ్గరికి వచ్చినప్పుడల్లా దాన్ని అవతలికి విసిరేసి పక్కనున్న మంచి రాయి తీసుకున్నాను. అది మోసమని నాకు అనిపించలేదు. బియ్యంలో రాళ్లు ఏరితే మోసమా? మా అమ్మ రోజూ ఏరేది.

మర్నాడు పొద్దున గురజాల బస్సులో కెమిస్టు దిగాడు. పెట్టెలో సీసాలు ఉండటంతో దిగిన పది నిమిషాలకే ఊరంతా ఆయనకు యాసిడ్ సారు అని పేరు పెట్టేసింది. బడి అరుగు పక్కన పోసిన నా కుప్ప చూసి, "నేను స్నానం చేసి, ఇంత తిని వస్తాను. కుప్ప దగ్గరికి ఎవరినీ రానివ్వకు" అని నాకు అప్పగించి మా ఇంటికి భోజనానికి వెళ్లాడు.

ఆ కాస్త సేపట్లో ఊళ్లో ఒక పుకారు లేచింది. ఎవరి చేను రాయి ఆ కుప్పలో ఉంటే వాళ్ల చేను మిల్లువాళ్లు తీసుకుంటారట! జనం పోగయ్యారు. అందరి తువ్వాళ్లలో, చీర కొంగుల్లో ఏదో బరువు వేలాడుతోంది. ముందుగా మా ఎదురింటి పెద్దమ్మ వచ్చింది. (చుట్టరికం ఏమీ లేదు; నన్ను పుట్టినప్పటి నుంచి తిట్టే హక్కు మాత్రం ఉంది.)

"ఒరేయ్ అబ్బాయ్, మాది గూడా ఒక రాయి ఏసుకోరాదంటరా? మా చేను రాయి ఏం పాపం చేసింది?"

"కుదరదు పెద్దమ్మా. ఇది శాస్త్రం."

"అబ్బో, శాస్త్రం! నీ ముక్కు తుడిచింది నేనేరా."

అక్కడితో నోరు మూసుకుని కుప్పకు ఎదురుగా కూర్చుని ఉంటే నా కథ వేరుగా ఉండేది. కానీ అంతమంది జనం, అందరూ నా వైపే చూస్తున్నారు. అరుగెక్కాను. కుప్ప నా వీపు వైపు ఉంది. ఈ రాయి లేకపోతే ఉక్కులో మలినం విడిపోదన్నాను. గాజు గట్టిపడదన్నాను. తెల్ల కాగితంలో దీని పిండి ఉందన్నాను, మంచినీళ్లలో వేసే బ్లీచింగు పొడికి దీని సున్నమే మూలమన్నాను. "రంగు చూసి మోసపోకండి, తెల్లటి పలుగురాయి ఎందుకూ పనికిరాదు, బూడిదరంగు మన రాయే బంగారం" అన్నాను. జనం తలలు ఊపారు. నా మాటలకే ఊపుతున్నారనుకున్నాను. అసలు సంగతేమిటంటే, ముందు వరస తలలు ఊపుతుంటే వెనక వరస చుట్టూ తిరిగి వెళ్లి రాళ్లు కుప్పలో జారవిడుస్తోంది. వాళ్లు రాగానే ముందు వరస వెళుతోంది. అంత క్రమశిక్షణ మా ఊళ్లో నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తరవాతా చూడలేదు.

సారు తిరిగి వచ్చి కుప్పను చూసి ఆగిపోయాడు. "పొద్దున ఇంత లేదే?"

"ఎండకి అట్టా కనపడుతుంది సారూ" అన్నారెవరో.

సమ్మెటలతో రాళ్లు నలగ్గొట్టడం మొదలైంది. రెండు మూడు దెబ్బలకు ఎర్రగా నిప్పురవ్వలు లేచాయి. సున్నపురాయి రవ్వలు లేపదు, చెకుముకి లేపుతుంది. సారు నా వైపు ఒక చూపు చూసి, చిట్టిపుస్తకంలో ఏదో రాసుకున్నాడు. తరవాత ఆ ముక్కలన్నీ గోపురంలా పోయించి, పైన అణిచి, చెక్క పలకతో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసి నాలుగు భాగాలు చేశాడు. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు ఉంచుకుని మిగతా రెండూ పారేయాలి. ఉంచుకున్నవి కలిపి మళ్లీ అలాగే. చివరికి ఒక సీసాడు మిగిలేదాకా. చానా న్యాయమైన పద్ధతి. కానీ మొదటి పారెడు పారేయగానే పెద్దమ్మ గొల్లుమంది.

"అయ్యో సారూ, ఆగండాగండి! అటు మా రాయి ఉంది!"

"మీ రాయేమిటమ్మా?"

"అదిగో, ఆ నల్లటి ముక్క. మా అత్త కాలంనాటి రోటి పొత్రం. నున్నగా ఉంది గదా, మార్కులు బాగా పడతాయని ఏశా."

దాంతో కట్ట తెగింది. పడమటి బజారు బాబాయి ఒకాయన పార పట్టుకున్నాడు. "తూర్పు బజారోళ్ల రాళ్లు ఉంచి మాయి పారేస్తారా? ఓట్లప్పుడూ ఇంతే, ఇయ్యాలా ఇంతే!" పోనీ అని సారు ఆ రెండు భాగాలు ఉంచి ఈ రెండూ పారేయబోతే తూర్పు బజారు మొత్తం లేచింది. పారేసిన భాగాన్ని జనం గుప్పెళ్లతో ఎత్తి ఉంచిన దాంట్లో పోస్తున్నారు. ఉంచినదాన్ని అవతలివాళ్లు కాళ్లతో తోస్తున్నారు. సారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. నేను ఆవేశం పట్టలేక పెద్దమ్మ మీద విరుచుకుపడ్డాను. "మీరంతా కలిసి నా చేను పాడుచేశారు! ఆ నిప్పురవ్వలు మీ రాళ్లవే! మీ చేలల్లో చెకుముకి ఉంది!"

పెద్దమ్మ కొంగు దోపుకుంది. "మా చేలో ఉంటే ఉందిలేరా. మీ చేలో లేదా? నిన్న పడమటి మూల వంగి వంగి నల్లరాళ్లు అవతలికి విసిరింది ఎవురు? నేను ఆ పక్కనే గడ్డి కోసుకుంటుండా. ఒకటి నా కాలి మీదే పడింది గూడా!"

నాన్న నా వైపు తిరిగాడు. "నిజమేనా?"

పుస్తకంలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. "నిజమే నాన్నా" అన్నాను.

సారు పెట్టె మూసేశాడు. "కుప్పా దొంగదే, కాపలావాడూ దొంగే. నేను నాలుగింటి బస్సుకు వెళ్లిపోతున్నాను" అన్నాడు. నాన్న తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "సారూ, ఒక్కసారి మళ్లా నడవండి. ఈసారి రాళ్లు నేను తీస్తా. మావాడు ఇంటికాడ ఉంటాడు" అన్నాడు.

అలా నా చేను పరీక్షకు నేను తప్ప అందరూ వెళ్లారు. నేను వసారాలో కూర్చుని గోళ్లు కొరుక్కుంటుంటే, అమ్మ ఒక చేట తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "ఏరటం నీకు బాగా అలవాటైనట్టుంది. ఈ బియ్యం ఏరు." ఏరాను. పది అడుగులకొకసారి నాన్న ఆగి, మొహం పక్కకు తిప్పుకుని, చేతికి తగిలిన రాయి తీశాడని తరవాత తెలిసింది. పడమటి మూలకు వెళ్లినప్పుడు కూడా మొహం తిప్పుకునే తీశాడట.

నెల తిరక్కుండా మిల్లు నుంచి కవరు వచ్చింది. ఆ వచ్చింది కూడా కాంట్రాక్టరు మా వసారాలో, మధ్యలో తమలపాకుల పళ్లెం పెట్టుకుని కూర్చున్న రోజునే. నాన్నకు చదువు రాదు. కాంట్రాక్టరుకు సంతకం వరకే వచ్చు. కవరు నా చేతిలో పెట్టి, "చదువు" అన్నాడు నాన్న. చూసుకున్నాను. సున్నం భాగం చానా బాగుంది, కానీ ఇసుక జాతి వాళ్ల హద్దుకు కాస్త పైన ఉంది. పంచదార మిల్లుకు పనికిరాదు. ఆ ఒక్క ముక్క మింగేసి "పనికొస్తుంది" అంటే అడిగేవాడు లేడు. నాలుగెకరాలు నా నాలుక చివర ఉన్నాయి. నాన్న నా మొహం వైపు చూడటం లేదు. గట్టు మీద లాగానే పక్కకు తిప్పుకుని కూర్చున్నాడు.

ఉన్నదున్నట్టు చదివాను. చివరిదాకా చదివాను. చివర సారు తన చేత్తో రాసిన రెండు ముక్కలున్నాయి: మిల్లుకు కాకపోయినా కోళ్ల దాణాలో కలిపే రవ్వకు ఈ రాయి బాగా పనికొస్తుందని, గుడ్డు పెంకు గట్టిపడుతుందని, విజయవాడ దారిలో తనకు తెలిసిన ఒక కోళ్ల ఫారం ఆయనకు కూడా రాశానని.

కాంట్రాక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. "పంచదార అన్నాడు, ఉక్కు అన్నాడు, ఆఖరికి కోళ్ల పాలు చేశాడు. ఇంకేందయ్యా పెద్దాయనా, కాయితం రాద్దాం పట్టు."

నాన్న తమలపాకుల పళ్లెం మెల్లగా ఆయన వైపు జరిపాడు. "అమ్మను. కోడి తినే రాయిని మనుషుల కాళ్ల కింద పరిస్తే ఏం బాగుంటది?" అన్నాడు. కాంట్రాక్టరు వెళ్లిపోయాక లేచి చెప్పులు తొడుక్కుంటూ, "చేను నీది. పడమటి మూల మాత్రం తవ్వమాక" అన్నాడు. అంతకు మించి ఆ విషయం మీద ఆయన బతికినన్నాళ్లూ ఒక్క మాట అనలేదు.

మొదటి లోడు వెళ్లిన రోజు నేను తెల్లటి ఇస్త్రీ చొక్కా వేసుకుని లారీలో డ్రైవరు పక్కన కూర్చుని వెళ్లాను. రాయితో పాటు దాని గొప్పతనం కూడా దించి రావాలని నా ఉద్దేశం. ఫారం ఆయన ఒక చేటెడు రవ్వ తీసుకుని కోళ్ల ముందు చల్లాడు. నేను గొంతు సవరించుకున్నాను. "ఇది మామూలు రాయి కాదండీ, ఇందులో సున్నం భాగం..." అంటుండగానే కోళ్లు టకటకా తినడం మొదలుపెట్టాయి. "తింటున్నయ్ గదబ్బాయ్, ఇంకేం కావాల?" అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు. నేను మాత్రం ఆగలేదు. ఉక్కు దగ్గర మొదలుపెట్టి, గాజు, కాగితం, బ్లీచింగు పొడి, అన్నీ ఆ కోళ్లకే చెప్పాను. లారీ డ్రైవరు హారన్ కొడుతున్నా, చెప్పడం పూర్తయ్యాకే కదిలాను. ఇన్నేళ్ల తరవాత తలుచుకుంటే, ఆ తెల్ల చొక్కా కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి ఇక చాల్లే అబ్బాయ్ అనాలనిపిస్తుంది. అంతలోనే, పోనీలే, పాపం, బ్లీచింగు పొడి దాకా వచ్చాడు, పూర్తి చేయనిద్దాం అనిపిస్తుంది.