చెంబు పట్టిన చేయి

సోలాపూర్‌లో బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో బీడీలు చుట్టే అంబవ్వ కూతురు శకుంతలకు ఆరేళ్లు. మాటలు రాలేదు. 1994లో పుణె డాక్టరు ఆటిజం అన్నాడు. మందు లేదు, ఓపికగా నేర్పుకోవాలన్నాడు.

“దానికేం నేర్పుతవే? దేవునికి మొక్కు,” అంది అత్త.

“మొక్కుత అత్తమ్మా, నేర్పుత గూడ. నేను లేనినాడు దాని స్నానం అదే చేసుకోవాలె. బీడీ చుట్టుడు నాకు ఒక్కరోజుల వచ్చిందా?”

చిన్నప్పుడు అంబవ్వకు తల్లి మొదటి నెలంతా బీడీ ఆకులు తడపడమే నేర్పింది. తర్వాతే ఆకు కోసే కత్తెర ఇచ్చింది. స్నానాన్ని కూడా అంబవ్వ అట్లే చిన్న చిన్న పనులుగా విడగొట్టింది. మొదట చెంబు పట్టుకోవడం ఒక్కటే. శకుంతల విసిరినప్పుడల్లా తెచ్చి మళ్లీ చేతిలో పెట్టింది. పట్టు కుదిరాక బకెట్‌లో ముంచడం చూపింది. మూడో నెలలో ఒకనాడు ఆ పిల్ల తనే చెంబు ముంచి తల మీద నీళ్లు పోసుకుంది.

అత్త నోరు తెరిచి చూస్తోంది. అంబవ్వ సబ్బు అందించి, “ఇగ ఇది, బిడ్డా,” అంది.