ఎండబెట్టిన మడిలో ఒక పచ్చని వరస

మొన్న శామీర్‌పేట దగ్గర ఒక విల్లాల కాలనీకి వెళ్లినప్పుడు, మిట్టమధ్యాహ్నపు ఎండలో పచ్చగడ్డి మీద గుండ్రంగా తిరుగుతూ నీళ్లు చిమ్ముతున్న గొట్టాన్ని చూసి చాలాసేపు గేటు దగ్గరే నిలబడిపోయాను. ఆ చుట్టుపక్కలే ఒక పరిశోధనా క్షేత్రంలో, తొంభైల చివర్లో, మేము గోధుమను నీళ్లివ్వకుండా చంపేవాళ్లం.

చంపడం అన్న మాట తెలిసే వాడుతున్నాను. వానలు తక్కువ పడే నేలల్లో కూడా ఎక్కువ గింజనిచ్చే గోధుమను తయారు చేయడం మా పని. చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ చేసేది ఇంతే: రెండు రకాలను కలపడం, వచ్చిన విత్తనాన్ని కార్తీకంలో వరసలుగా విత్తడం, మొలకకు ఒక తడి ఇచ్చి ఆపైన నీళ్లు ఆపేయడం, ఏది చస్తుందో ఏది చావదో చూడటం. కొత్తగా చదువు ముగించిన నాకు ఈ పద్ధతి ఎంతో శుభ్రంగా తోచేది. చావనివాటిని వెతకాలంటే ముందు చచ్చేవాటి మీద జాలి చావాలని మా పెద్దసారు అంటూ, రోజూ పొద్దున ఎండిన వరసలను చూసి తృప్తిగా తలాడించేవారు.

ఒక ఏడు అందులో ఒక వరస నాది. అంతకుముందు ఏడు, పూత విచ్చకముందే గోధుమ వెన్నులోని పుప్పొడి తిత్తులను పట్టకారుతో ఒక్కొక్కటిగా తీసి, ఇంకో రకపు పుప్పొడి అద్ది, కాగితపు సంచి తొడిగి, మెడ పట్టేసేదాకా వంగి చేసిన సంకరం. అలా వచ్చిన పిడికెడు విత్తనం ఆ ఒక్క వరసకే సరిపోయింది. దాచుకోవడానికి గింజ మిగల్లేదు.

పిట్టలను తోలడానికి మేడ్చల్ వైపు పల్లె నుంచి ఒక అవ్వ వచ్చేది. బోరు ఎండి పొలం బీడు పడ్డాక కూలికి దిగిన మనిషి. మధ్యాహ్నం సద్ది తింటూ, "గడ్డికి పెండ్లి జేస్తున్నవట, మరి నీ పెండ్లెప్పుడు బిడ్డా?" అని నన్ను ఆటపట్టించేది. ఏ వరస నాదో అడిగితే చూపించాను.

మాఘం దాటేసరికి మడంతా ఎండుగడ్డి రంగుకు తిరిగింది, నా వరస తప్ప. పెద్దసారు నా భుజం తట్టి, చూడటానికి పైఅధికారులను పిలిచారు. వాళ్లు రేపు వస్తారనగా ఆయన వంగి ఆ మొదళ్లలో వేలు గుచ్చారు. మన్ను తడిగా ఉంది.

పిలిచి అడిగితే అవ్వ ఏమీ దాచలేదు. రోజూ ఇంటికి పోయేముందు బిందెలో తాను తాగగా మిగిలిన నీళ్లు నా వరసకే పోసేదట.

"పిలగాడు పాణంబెట్టి జేసుకున్నడు సారూ. కండ్ల ముంగట ఎండుతాంటే ఎట్ల జూసుకుంట కూసుంట?"

"నువ్వు పెంచింది నువ్వే పీకు," అన్నారు సారు.

వెన్నులింకా పాలమీద ఉన్నాయని, గింజ ముదిరాక దాచి వచ్చే ఏడు మళ్లీ పరీక్షిద్దామని, నీళ్లు పోసినంత మాత్రాన విత్తనం గుణం మారదని బతిమాలాను. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. అబద్ధపు వరస తన మడిలో ఉండదన్నారు. అందరూ చూస్తుండగా అవ్వ ఆ చివర నుంచి ఈ చివరకు, నా వైపు చూస్తూ చూస్తూ, మొత్తం పీకింది. ఆ మోపును గేటు దగ్గర కట్టేసిన బర్రెకు వేయించారు.

"మస్తు తిన్నది సారూ, ఇంకింత ఉన్నదా?" అన్నాడు వాచ్‌మన్. అందరూ నవ్వారు, సారు కూడా. అవ్వను మర్నాటి నుంచి రావద్దన్నారు.

కొన్నేళ్లకు కొంపల్లిలో, కడుతున్న ఇళ్ల దగ్గర, పచ్చి సిమెంటు గోడలకు పైపుతో నీళ్లు కొడుతూ కనిపించింది. నన్ను గుర్తుపట్టి బోసినోటితో నవ్వింది.

"గీడ ఎంత పోసినా ఎవ్వడు తిట్టడు బిడ్డా. పొయ్యకుంటెనే తిడ్తరు."

ఇప్పుడు మా మడులున్న వైపంతా గోడలే, గోడల మధ్య ఎవరూ తినని పచ్చగడ్డి, దానికి ట్యాంకర్లలో వచ్చే నీళ్లు. నీళ్లు పోయకపోతే నా వరస బతికేదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఎండి చచ్చినా బాగుండేది, ఆ సంగతైనా తెలిసేది.