గవర్రాజు క్రేన్ ఎక్కిన సంగతి

పోర్టులో క్రేన్ నడిపే గవర్రాజుకి ఏటా కార్తీకంలో మంచి పేరొచ్చేది. అయ్యప్ప మాల వేసుకుంటే చాలు, అంతటి తాగుబోతూ చుక్క ముట్టేవాడు కాదు. మాల తీసి డ్యూటీకి వెళ్ళిన రోజే మళ్ళీ మొదలు. ఏ రేవుకి వెళ్ళినా ఇలాంటి మనిషి ఒకడుంటాడు. దేవుడికి భయపడేవాడు పెళ్ళానికి భయపడడేమని ఊరు నవ్వుతుంది, నవ్వి ఎవరింటికి వాళ్ళు పోతారు.

ఈసారి నవ్వులాట కాలేదు. గేటు దగ్గర ఊదించే పరీక్షలో దొరికిపోయాడు. క్రేన్ మీంచి దించి నేల మీద పనికి వేశారు. డాక్టరు సరేనంటేనే మళ్ళీ పైకి. లేదంటే ఆ కేబిన్ ఇంకొకరిది. అంతకుముందు తాగుడు మాన్పించే సెంటర్లో ఒకసారి పెడితే, మాని వచ్చి నెల తిరక్కుండానే మళ్ళీ పట్టాడు.

భార్య తాయారు అతన్ని డాక్టర్ అనూరాధ దగ్గరికి లాక్కెళ్ళింది.

"మాలేత్తే ముట్టడు డాట్రమ్మా. తీత్తే ఆగడు. ఒల్లు బలుపు కాపోతే ఏటిది?"

డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. "మాలలో ఉన్నప్పుడు డ్యూటీకి వెళ్తారా?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగని మాట.

"లేదండి. సెలవెడతాను."

"పూజల కోసమా?"

"కాదండి... తాగకండా నాను క్రేన్ ఎక్కలేను. నిచ్చెన మీద సెయ్యేత్తే గుండె దడదడలాడిపోద్ది. సచ్చిపోతన్నాననిపిత్తాది."

"ఓలమ్మో! నాకెందుకు సెప్పలేదయ్యా?"

"సెప్తే నీ తమ్ముడు జగ్గారావు బతకనిత్తాడేటే?"

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇది పిరికితనం కాదు, జబ్బు. తాగుడు ఇంకో జబ్బు. ఒకదాన్ని వదిలేసి ఒకదాన్ని చూస్తే రెండూ తిరిగొస్తాయి. కలిపి పట్టాలి."

ఆస్పత్రిలో ఉంచి, వణుకు తగ్గేదాకా కనిపెట్టుకుని తాగుడు ఆపించారు. దడకి మాత్రలు మొదలెట్టారు. తర్వాత వారం వారం మాటలు, మాటల తర్వాత మెట్లు. ముందు ఆస్పత్రి మేడ, ఆపైన కొండ. దడ వస్తే పారిపోకుండా నిలబడమన్నారు, అదే తగ్గుతుందన్నారు. రుషికొండ బీచిలో అల మీదికొస్తే పిల్లలు చేసేదీ అదే, కాళ్ళూని నిలబడడం. మధ్యలో భీమిలి పెళ్ళిలో ఒకసారి జారి గ్లాసు పట్టాడు. మర్నాడు తనే వెళ్ళి చెప్పాడు. డాక్టరమ్మ తిట్టలేదు, మాత్ర మోతాదు సరిచేసింది.

చివరికి డాక్టరమ్మ సరేనంది, పోర్టులో మళ్ళీ క్రేన్ ఎక్కమన్నారు. కింద వాకీటాకీతో, అదే రేవులో పనిచేసే బావమరిది జగ్గారావు. సగం నిచ్చెనలో దడ వచ్చింది. గవర్రాజు కడ్డీ పట్టుకుని ఆగాడు. రానిచ్చాడు. అది ఎగిసింది, ఎగిసి తగ్గింది. మిగతా సగం ఎక్కి కేబిన్ తలుపు తీశాడు.

"బావా! ఉన్నావేటి, పోయేవేటి?"

"ఉన్నాన్రా బామ్మర్దీ! నీ నెత్తిమీదే ఉన్నాను, పక్కకి తప్పుకో!"

ఓడ కడుపులోంచి బొగ్గు నిండిన బకెట్ నిబ్బరంగా పైకి లేచింది.