తోటికోడలు అద్దిన పత్తిపూలు

దుఃఖం ఎక్కడ పుడుతుందో, ఎక్కడ ఆగుతుందో చూపిన తథాగతునికి మొదటి వందనం. ఆయన ధర్మానికి, ఆ ధర్మాన్ని మా వాడదాకా మోసుకొచ్చిన సంఘానికి వందనం. ఆ వెలుగు లేకుంటే నా మనసులోని చీకటి నాకే కనబడేది కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో గద్వాల దగ్గర మా ఊళ్లో విత్తన పత్తి వేసేవాళ్లం. సాయంత్రం ఆడమొగ్గ రెక్కలు, పుప్పొడి గోటితో ఒలిచిపెట్టాలి. మర్నాడు ఎండ ముదరకముందే మగపువ్వు తెచ్చి, ఆ ఒలిచిన మొగ్గలో మిగిలిన కాడకు అద్దాలి. క్రాసింగ్ అంటాం. ఒక్క పూట తప్పితే మొగ్గ రాలిపోతుంది. సరిగ్గా ఆ పని రోజుల్లోనే వనపర్తి దగ్గరి విహారంలో పది రోజుల ధ్యాన శిబిరం పెట్టారు.

ఇంట్లో కోడళ్లం ఇద్దరం. మా విహారంలో వందన చెప్పించేది నేను. సూత్రాలన్నీ నాకు కంఠతా వచ్చు. మా మరిది భార్యకు త్రిశరణాలు నేర్పిందీ నేనే. ఇద్దరం పోతామన్నాం.

"ఇద్దరు పోతే చేను నేను జేయాల్నా?" అంది అత్త. "చిన్నది పోనీ. పెద్దదానికి అన్నీ తెలుసు గద, ఇంగ నేర్సేదేముంది?"

మా తోటికోడలు తెల్లచీర సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. చేనులో ఆమె వంతు సాళ్లు కూడా నా మీద పడ్డాయి. మొగ్గ ఒలిచినప్పుడల్లా, ఈపాటికి నీడపట్టున కళ్లు మూసుకుని కూర్చునుంటుంది అనుకునేదాన్ని. పని ఎగ్గొట్టి పుణ్యం సంపాదిస్తోందని మండిపోయేదాన్ని. అత్త మాటలు వినబడకుండా పైకే సూత్రాలు చదువుతూ చేతులాడించాను.

ఆమె తిరిగొచ్చిన మధ్యాహ్నం అత్త వాకిట్లోనే ఆపింది. "వచ్చినవా బుద్ధమ్మా? అన్ని దినాలు కూసొని ఏం తెచ్చినవే?"

"ఏం తేలేదత్తా. ఆకలైతుంది. ఏమన్న ఉందా?"

అత్త పకపకా నవ్వింది. అన్నేళ్ల కాపురంలో నేనెన్నడూ ఆమెను అట్లా నవ్వించలేదు.

తోటికోడలు జొన్నరొట్టె తిని నేరుగా నా వెంట చేనుకొచ్చి నా పక్క సాలు పట్టింది. మౌనం పాటిస్తే దెప్పుదామని చూశాను. మామూలుగానే మాట్లాడింది.

"అక్కా, ఆడ కండ్లు మూస్తే నువ్వే అగపడుతుంటివి, నా సాళ్లు గూడ చేసుకుంట. సగంలనే వచ్చేద్దామనుకున్న."

నా చాకిరీ కూడా ఆమెకు ధ్యానమైపోయింది! ఒళ్లు ఇంకా మండింది. "మరి రాకపోయినవ్?" అన్నాను.

"ఈడికెల్లి పారిపోయే ఆడికి పోతి. మళ్ల ఆడికెల్లి గూడ పారిపోవుడేనా అనిపిచ్చింది."

వారం తిరిగేసరికి ఆమె అద్దినచోట పిందెలు నిలిచాయి. నేను సూత్రాలు చదువుతూ అద్దినవి చాలా రాలాయి. అత్త ఆ రాలినవి ఏరి నా ఒళ్లో పోసింది. "వీటికి గూడ సదివినవా?" అంది. పది రోజులూ చేనులోనే ఉండి కూడా నేను చేనులో లేను.

ఆ పౌర్ణమికి విహారంలో మైత్రీభావన చెప్పించాను. మనసుకు గిట్టనివాళ్లను తలచుకుని మేలు కోరండి అన్నాను. ఆమె ఎదురుగానే కూర్చుంది. అందరూ కోరుతున్నారు, నేను మాత్రం ఆమెను దాటేసి తర్వాతి వాక్యం అందుకున్నాను.

ఇప్పటికీ ఆమెకు మేలు కోరుతూ ఒంటరిగా అనబోతే మాట సగంలో ఆగుతుంది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. చేతిలో పని ఉంటే ఆపకుండానే నాతో కలిసి అనండి: ఆమె సుఖంగా ఉండాలి. ఆమె అద్దిన ప్రతి పువ్వూ పిందె కట్టాలి.