చాందా దారిలో నీళ్ళ టాంకీలు

మొన్న మాఘమాసంలో ఉప్పర్వాహి దగ్గర బంధువులింట పెళ్ళికని మా మనవడు నన్ను కారులో కూర్చోబెట్టుకొని చంద్రపూర్ నుంచి బయలుదేరాడు. పెద్ద రోడ్డు మీద సిమెంటు లారీల వరుస కదలక నిలిచిపోతే వాడు విసిగిపోయి, ఫోనులో దారి వెతుక్కొని, పొలాల మధ్య నుంచి పోయే సన్నటి రోడ్డులోకి కారు తిప్పాడు. పత్తి ఏరేసిన చేలు, గట్ల మీద కంది మోళ్ళు, దూరాన ఇంకా విడిపోని పలచటి మంచు. అలాంటి దారిలో పోయి చాలా ఏళ్ళయిందేమో, నా కళ్ళు మూతలు పడుతున్నాయి. ఒక మలుపు తిరిగేసరికి చింతచెట్ల తలల పైన, కాళ్ళు కనబడకుండా, నీలం రంగు నీళ్ళ టాంకీ ఒకటి గాలిలో తేలుతున్నట్టు కనిపించింది. "అగో" అన్న మాట నాకు తెలియకుండానే నోటివెంట వచ్చింది. మనవడు బండి నెమ్మది చేసి ఏమైందని అడిగాడు. ఏమీ లేదు, నువ్వు పోనియ్యి అన్నాను. వాడికి చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి, ముహూర్తానికి అంత వ్యవధి లేదు. మీకు చెబుతాను. నా ఈడువాళ్ళు మీలో ఉంటే ఆ దారులు మీకూ తెలిసే ఉంటాయి.

మాది లక్కడ్‌కోట్ పక్కన అడవి అంచున ఒక చిన్న పల్లె. నేను పలక పట్టేనాటికి మా తాలూకా ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. తరువాత భాషల వారీగా రాష్ట్రాలను విడదీసినప్పుడు మా ఊరు ఉన్నచోటనే ఉండి బొంబాయి రాష్ట్రంలోకి పోయింది, ఇంకొన్నాళ్ళకు మహారాష్ట్ర అయింది. మా అవ్వ పుట్టిల్లు మాత్రం వాగుకు అవతల ఆంధ్రలో మిగిలింది. మా వైపు తల్లినే అవ్వ అంటాం, ఈ మాట ఇప్పుడే చెప్పి పెట్టుకుంటే మీరు నాయనమ్మ అనుకోకుండా ఉంటారు. ఊళ్ళో చాలామందికి ఆ మార్పు అంటే శిస్తు కట్టే కచేరీ మారడమే. మా ఇంట్లో అది పొయ్యి దాకా వచ్చింది, ఎందుకంటే మా బాపు, అంటే మా నాన్న, బడిపంతులు. అప్పటిదాకా తెలుగూ ఉర్దూ చెప్పిన మనిషి, ఇకమీదట మరాఠీలో చెప్పాలన్నారు. ఏడాదిపాటు చాందాలో ఉండి నేర్చుకొని పరీక్షలో గట్టెక్కితేనే కొలువు నిలుస్తుందన్నారు. చంద్రపూరును అప్పుడింకా చాందా అనేవారు. నెత్తి నెరుస్తున్న వయసులో బాపు ఒక ట్రంకుపెట్టె, పరుపుచుట్ట తీసుకొని చాందాలో గది అద్దెకు పట్టి, పిల్లవాడిలా మళ్ళీ అక్షరాలు దిద్దడానికి కూర్చున్నాడు.

ఆయనను చూడటానికి నెలకోసారి అవ్వా నేనూ చాందాకు పోయేవాళ్ళం. బస్సులు ఉన్నా లేనట్టే. అవ్వకు ఒక తమ్ముడు, నాకు మేనమామ, పాత లారీ ఒకటి కొనుక్కొని ఊరూరా మిరపకాయలూ చింతపండూ ఎత్తుకొని చాందా బజారుకు చేరవేసేవాడు. సరుకు ఎక్కడుంటే అక్కడికి పోవాలి కనుక అతని లారీ ఎప్పుడూ నేరు దారిన పోయేది కాదు. ఒకనాడు విరూర్ వైపు నుంచి, ఒకనాడు ఎటో చుట్టు తిరిగి ఘుగ్గుస్ మీదుగా, ఎడ్లబండ్లు చేసిన గాడుల్లో ఊగుతూ పోయేది. ముందు అద్దం కింద ఇనుప రేకు వేడెక్కి, వెనక బస్తాల నుంచి మిరప ఘాటు వచ్చి, తుమ్మి తుమ్మి అలసిపోయి అవ్వ ఒళ్ళో నిద్రపోవడం, మళ్ళీ ఏ గుంతలోనో కుదుపుకు లేవడం, అదే ప్రయాణం. ఇప్పటికీ ఎండుమిరప వాసన తగిలితే నాకు ముందు నిద్ర వస్తుంది, తరువాత తుమ్ము వస్తుంది.

ఆ దారుల్లో ఊళ్ళు దూరందూరంగా ఉండేవి. మధ్యలో అడవి, చేలు, మళ్ళీ అడవి. చిన్న ఊళ్ళ జాడ పొగను బట్టి తెలిసేది గాని, స్టేషనున్న ఊరో, బొగ్గుబావి ఉన్న ఊరో వస్తుందంటే ముందుగా తెలిపేది నీళ్ళ టాంకీ. రైలింజన్లకు నీళ్ళు పట్టే ఇనుప టాంకీలు రాతి కాళ్ళ మీద నలుచదరంగా ఉండేవి. బొగ్గు కాలనీల టాంకీలు నల్లటి మసి పట్టి ఉండేవి. బల్లార్షాలో ఉన్నది అన్నిటికంటే పెద్దది. సిమెంటు టాంకీలు అప్పుడప్పుడే లేస్తున్నాయి, కొత్తగా సున్నం వేసి, ఎండ పడితే తెల్లటి వెన్నముద్దల్లా ఉండేవి. అవ్వ మొదటిసారి టాంకీని చూసినప్పుడు నేను నిద్రలో ఉన్నాను. పుట్టినప్పటి నుంచి వాగు నుంచి నెత్తిన నీళ్ళు మోసిన మనిషి, దాన్ని చూసి మామతో అన్నదట:

"ఎవలో కడవ నెత్తి మీద పెట్టుకొని దించెటోళ్ళ కోసం నిలవడ్డట్టుంది కదరా."

అప్పటినుంచి మా ముగ్గురికీ అది ఆట అయింది. ఎవరు ముందు టాంకీని చూసి "అగో కడవ" అంటే వాళ్ళు గెలిచినట్టు, గెలిచినవాళ్ళకు కిటికీ పక్క చోటు. మామ బండి నడుపుతాడు కనుక అతనిది తీర్పు మాత్రమే. అవ్వే ఎప్పుడూ గెలిచేది. నేను అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్నా ఆమెకంటే ముందు చూడలేకపోయేదాన్ని. రెండో చలికాలం వచ్చేసరికి ఆమె మరీ ముందుగా చెప్పడం మొదలుపెట్టింది. మలుపు తిరగకముందే, చెట్లు విడవకముందే "అగో" అనేది, కాసేపటికి నిజంగానే టాంకీ వచ్చేది. అవ్వ కళ్ళు డేగ కళ్ళని మామ మెచ్చుకునేవాడు. నేను మాత్రం అలిగి సీటు కిందకు జారి కూర్చునేదాన్ని.

ఆ ఏడు సంక్రాంతి ముందరి రోజుల్లో ఒక పొద్దున మేము ఒక చిన్న స్టేషను మీదుగా పోతున్నాం. ఆ స్టేషను పేరు ఇప్పుడు గుర్తు లేదు. చింతల వరుస దాటగానే టాంకీ కనిపించాలి. లారీ చిన్న కల్వర్టు మీద ఎక్కి దిగి ఒక్క కుదుపు కుదిపింది, వెంటనే అవ్వ వేలు ఎత్తి "అగో కడవ" అంది. నేను చూశాను. అక్కడ టాంకీ లేదు. రాతి కాళ్ళు నాలుగు మాత్రం నిలబడి ఉన్నాయి, వాటి మీద ఉత్త ఆకాశం ఉంది. నేను నవ్వబోయి మామ ముఖం చూసి ఆగిపోయాను. అతను లారీని పక్కకు తీసి ఇంజను ఆపాడు. బయట పక్షుల చప్పుడు ఒక్కసారిగా పెద్దగా వినిపించింది.

"అక్కా, ఏడ కనబడ్తుంది నీకు?" అన్నాడు మామ.

"గా చింతలకు అవతల. ఎప్పుడున్న కాడనే."

"ఆడ ఏం లేదక్కా. టాంకీ పీకేసిండ్రు. ఉత్త కాళ్ళే ఉన్నయి."

అవ్వ ఎత్తిన చెయ్యి ఒళ్ళోకి దించుకుంది. చుట్టాల్లో ఎవరో పోయిన కబురు విన్నట్టుగా, ఎప్పుడు పీకిండ్రు అని అడిగింది. తరువాత తానే మెల్లగా చెప్పింది. పోయిన ఏడు మిరప ఏరేటప్పటి నుంచి ఒక కంటికి పొగ కమ్మినట్టుందట, రెండోది కూడా దాని వెంటే పోతున్నదట. దారి అంతా ఆమెకు ఒంటితో తెలుసు. ఈ కుదుపు తరువాత ఫలానా టాంకీ, బొగ్గు వాసన వచ్చిందంటే ఫలానా కాలనీ, చక్రాల కింద ఇసుక మెత్తగా పలికితే వార్ధా నది ఒడ్డు. ఇంట్లో కూడా అలాగే చేత్తో తడుముకుంటూ వండిపెడుతున్నది, పక్కన పడుకునే నాకే తెలియనివ్వలేదు.

చెప్పకపోవడానికి ఆమెకు రెండు భయాలున్నాయి. ఆమె పినతల్లి కళ్ళకు ఊళ్ళ వెంట తిరిగే వైద్యుడొకడు సూదితో పొడిచి ఉన్న చూపు కూడా పోగొట్టాడు, అది ఒకటి. బాపుకు తెలిస్తే పరీక్ష వదిలేసి వస్తాడని రెండోది.

"మీ బావకు చెప్పకు తమ్మీ. పరీక్ష ఒడువనియ్యి, అయినంక నేనే చెప్త."

"చెప్పకుంట ఎట్లుంట అక్కా" అని మామ ఇంజను తిప్పడానికి కిందికి దిగాడు. ఇనుప కమ్మీ పెట్టి తిప్పుతూ చాలాసేపు అటే ఉండిపోయాడు. ఆ తరువాత చాందా వచ్చేదాకా ఎన్ని టాంకీలు వచ్చినా, నేను ఒక్కదానికీ "అగో" అనలేదు.

బాపు గదిలో గోడకు మరాఠీ అక్షరాల పటం వేలాడుతుండేది. మమ్మల్ని చూసి ఆయన సంతోషంగా చాప పరిచాడు. మామ కూర్చోకుండానే, బావా, అక్కకు కండ్లు కనబడ్తలేవు అన్నాడు. బాపు అవ్వ దగ్గరికి వచ్చి, ఆమె ముఖం ముందు అరచేయి అటూ ఇటూ ఆడించాడు. ఆమె చూపు ఆ చేతి వెంట పోలేదు. రేపే దావఖానకు పోదాం, పరీక్ష మళ్ళొచ్చే ఏడు రాసుకుంట అన్నాడు. మళ్ళొచ్చే ఏడు రాయనిస్తారో లేదో ఆ గదిలో ఎవరికీ తెలియదు. మా అవ్వ గట్టిగా మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

"నువ్వు పరీక్ష రాయకుంటే నేను దావఖాన మెట్టు ఎక్క. కండ్లొచ్చి ఏం జూడాలె నేను, కొలువు పోయిన ఇల్లా?"

చివరకు ఇద్దరి మాటా నిలిచేటట్టు కుదుర్చుకున్నారు. పరీక్ష దగ్గర్లోనే ఉంది. అది ముగిసిన మరునాడే అవ్వను ఆసుపత్రిలో చేర్చాలి, అప్పటిదాకా మేమిద్దరం ఆ గదిలోనే ఉండాలి. పరీక్ష రోజు పొద్దున బాపు బయలుదేరుతుంటే అవ్వ గోడ పట్టుకుంటూ గుమ్మం దాకా వచ్చి, ఆయన పోయిన వైపు కాక కొంచెం పక్కకు చూస్తూ నిలబడింది.

ఆసుపత్రి డాక్టరు మంచివాడు. కళ్ళల్లో శుక్లాలు, వాళ్ళ మాటలో మోతీబిందు అన్నాడు. ఒక కన్ను చాలా పాడైంది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు, రెండోది కోసి చూద్దాం అన్నాడు. ఆ రోజుల్లో కంటి ఆపరేషనంటే రెండు కళ్ళకూ కట్టు కట్టి, తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి, కదలకుండా వెల్లకిలా పడుకోబెట్టేవారు. దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు. నర్సులకు తెలుగు రాదు, అవ్వకు మరాఠీ రాదు. మరాఠీకి మారిన బడిలో నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు నా నోట్లో నుంచి పలుకులై రావడం అక్కడే మొదలైంది. నీళ్ళు కావాలనీ, నడుము నొస్తున్నదనీ, ఇసుక సంచి చెవికి తగులుతున్నదనీ ఇటు నుంచి అటు చేరవేసేదాన్ని. ఆ వార్డులో నేనే మా ఇంటి నోరు.

మంచం పక్కన ఒక కిటికీ ఉండేది. ఏం కనబడ్తుంది చెప్పు అనేది అవ్వ. ఊరి టాంకీ కనబడేది. మంచిగ చూసి చెప్పు అనేది. నేను చూసి చెప్పేదాన్ని. పావురాలు దాని అంచు మీద వరుసగా కూర్చున్నాయనీ, ఒక మనిషి నిచ్చెన మెట్ల మీద ఎక్కి మూత తీసి లోపలికి తొంగి చూస్తున్నాడనీ, పొద్దు వాలుతుంటే దాని నీడ రోడ్డు దాటి ఎదురింటి గోడ ఎక్కుతున్నదనీ. చెప్పడానికి ఏమీ లేనప్పుడు కల్పించేదాన్ని. ఆ నీడలో మేకలు పడుకున్నాయని చెబితే, ఎన్ని రంగులవి అని అడిగేది. తెల్లకట్ల కింద ఆమె ముఖం నిద్రలో ఉన్నదో మెలకువలో ఉన్నదో తెలిసేది కాదు. నాకు కూడా చెబుతూ చెబుతూ నిద్ర వచ్చేది, టాంకీ, మేకలు, మా ఊరి వాగు అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. అంత నెమ్మదైన రోజులు నేను మళ్ళీ చూడలేదు.

కట్టు విప్పిన రోజు డాక్టరు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగాడు. నేను ఆ ప్రశ్న తెలుగులో చెప్పాను. అవ్వ ఆ వేళ్ళ వైపు చూడలేదు, ఒక కన్ను చిట్లించి నా వైపు చూసింది.

"గీ పిల్ల జడలు ఎవలేసిండ్రు? గింత వంకర ఉన్నయి."

బాపు గోడ వైపు తిరిగి ముఖం తుడుచుకున్నాడు. అన్ని రోజులూ నా జడలు ఆయనే వేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు మోదుగులు పూస్తున్నాయి. లారీలో అవ్వ ఆట ఆడలేదు. తమ్ముడి చెవి పక్క వెంట్రుకలు నెరిశాయని చూసుకుంది, నా చేతులు తిప్పి తిప్పి గోళ్ళు చూసింది, తన చీర కొంగు చిరుగు చూసి ఎవరూ చెప్పలేదేమని నొచ్చుకుంది. బల్లార్షా టాంకీ రాగానే నేను "అగో కడవ" అన్నాను. ఆమె చాలాసేపు చూసి, ఇన్ని దినాలు యాది మీదనే చూసిన అంది, అంతే.

బాపు పరీక్షలో అంచు మార్కులతో గట్టెక్కాడు. రిటైరయ్యేదాకా మరాఠీ చెప్పాడు, ఇంటికి వచ్చి తెలుగులో విసుక్కునేవాడు. పాడైన కన్ను అవ్వకు తిరిగి రాలేదు. మందపాటి అద్దాల వెనక ఒక్క కంటితోనే నా పెళ్ళి చూసింది, నా పిల్లలను చూసింది, బాపును సాగనంపింది. బస్సులు పెరిగాక మామ లారీ అమ్ముకొని వాగు అవతల వ్యవసాయంలో పడ్డాడు.

ఇప్పుడు మా తాలూకాలో టాంకీ లేని ఊరు లేదు. ప్రతి డాబా మీదా నల్ల ప్లాస్టిక్ డ్రమ్ములున్నాయి, నీళ్ళు ఇంట్లోకే వస్తాయి, ఆడవాళ్ళ నెత్తులు తేలికయ్యాయి, అందుకు నేను సంతోషిస్తాను. నా మనవళ్ళు మరాఠీలో చదువుకొని నాతో తెలుగు మాట్లాడతారు, నేను రాసే ఈ అక్షరాలు మాత్రం చదవలేరు, అది కూడా సరే. బల్లార్షా నుంచి చంద్రపూర్ దాకా పొద్దుగూకిన తరువాత చూస్తే దీపాలు ఎక్కడా తెగవు, ఏ ఊరు ఎక్కడ అయిపోయిందో, ఏది ఎక్కడ మొదలైందో తెలియదు. ఊరికీ ఊరికీ మధ్య ఒకప్పుడు అంత ఖాళీ ఉండేదనీ, ఆ ఖాళీలో ఏమీ చేయకుండా, దూరం వైపు చూపు సాచి, పక్కవాళ్ళ భుజానికి ఆనుకొని గంటల తరబడి కూర్చునేవాళ్ళమనీ ఇప్పటి పిల్లలకు ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.